టచింగ్ వద్దన్నారు

9 జూలై 2024, మంగళవారం

శుక్ర మూఢం వెళ్లిందనుకునేలోగా ఆషాఢం వచ్చి కూర్చుంది. ఏప్రిల్ నెలాఖరు నుంచి ఒక్క పెళ్లి ఆర్డరు లేదు. ఇవాళ్టి బేరం పాస్‌పోర్టు సైజులు మూడు, లామినేషన్ ఒకటి. రాజమండ్రిలో ఫోటోగ్రాఫర్లందరం ఈగలు తోలుకుంటున్నాం.

ఊరికే కూర్చోలేక అటక మీది నెగటివ్ పెట్టెలు దించాను. చెద పట్టలేదు, అదృష్టం. అడుగున నాన్నగారి రీటచింగ్ డెస్కు కూడా ఉంది. ఆ వాలుబల్ల కిందున్న అద్దం కిటికీ వెలుతుర్ని నెగటివ్‌లోంచి పైకి కొడుతుంది. పెన్సిలు ముల్లును గరుకు కాగితం మీద సూదిలా అరగదీసి, ముడత ఉన్నచోట చుక్కచుక్కగా పెట్టేవారు. నెగటివ్‌లో పెన్సిలు పడినచోటు ప్రింటులో తెల్లబడుతుంది. అలా ఆయన ఎంతమందికి పదేళ్ల వయసు తగ్గించారో!

ఒక కవరు దగ్గర చెయ్యి ఆగింది. 1978. ముఖం నిండా స్ఫోటకం మచ్చలున్న మనిషి, గడ్డం ఎత్తి సూటిగా చూస్తున్నాడు. నెగటివ్ మీద ఒక్క పెన్సిలు చుక్క లేదు. కవరు మీద నాన్నగారి దస్తూరీ: ‘టచింగ్ వద్దన్నారు.’

14 జూలై, ఆదివారం

పొద్దున్నే తల్లీకూతుళ్లు వచ్చారు. పెళ్లి బయోడేటాకు ఫోటో కావాలి. పిల్ల ఆర్టీసీలో కండక్టరు. తండ్రి సర్వీసులో ఉండగా పోతే కారుణ్య నియామకం కింద వచ్చిన ఉద్యోగం. తండ్రి చేతిలోది కూతురు చేతికి రావడం నాకూ తెలిసిన సంగతే కాబట్టి కాసేపు మాట్లాడుకున్నాం.

పట్టుచీర కట్టి, పువ్వులు పెట్టి, భుజాలు బిగించి నిలబెట్టారు. పిల్ల కళ్లు నా వైపున్నా చూపు అమ్మ మీదే ఉంది. అయ్యాక తల్లి దగ్గరకొచ్చి నెమ్మదిగా, “కొంచెం రంగు తేల్చండమ్మా, మీకు తెలియనిదేముంది,” అంది. ‘చూద్దాం లెండి’ అని తప్పించుకున్నాను.

నిజానికి రంగుతో పేచీ మనుషులకన్నా ముందు మిషన్లకుంది. కెమెరా మీటరు తన ముందున్న దేన్నయినా ఒకటే బూడిద రంగు అనుకుంటుంది. మీద పడిన వెలుగులో 18 శాతం తిరగ్గొట్టే బూడిద. వెనక తెల్ల తెర కడితే అది బెదిరి వెలుగు తగ్గించేస్తుంది, చామనఛాయ ముఖం కాస్తా బొగ్గయిపోతుంది. తప్పు లెక్కది, నింద ఒంటిది. రంగు ఫిల్ములు వచ్చిన రోజుల్లో అమెరికాలో కోడక్ వాళ్లు ల్యాబులకు ప్రింటు రంగు సరిచూసుకోమని ఒక కార్డు పంపేవారు. దాని మీద ఉండేది తెల్లమ్మాయి, ఆ కార్డుకు ‘షర్లీ’ అనే పేరు స్థిరపడింది. ఆమె బాగుంటే అందరూ బాగున్నట్టే లెక్క.

15 జూలై, సోమవారం

రాత్రి నిద్ర పట్టలేదు. ‘రంగు తేల్చండి’ అన్న మాట ఇంకో మాటను తవ్వి తీసింది.

ఆరేళ్ల కిందట ఒకావిడ ఏదో పనికని ఫోటో దిగి వెళ్లింది. ముక్కు పక్కన శనగగింజంత పుట్టుమచ్చ. ఎవరూ అడగలేదు. మంచి చేస్తున్నాననుకుని పది సెకన్లలో మౌసుతో చెరిపేసి, అదే ఫైలు సేవ్ చేశాను. ఏడాది తిరక్కుండా ఆవిడ పోయింది. గోడకు పెట్టుకోవడానికి పెద్ద సైజు కావాలని కూతురొచ్చింది. తెర మీద ఫోటో చాలాసేపు చూసి, “మా అమ్మ మచ్చేదండీ?” అంది.

అసలు ఫైలు లేదు. ఆ పిల్ల పక్కన కూర్చుని ‘ఇంకొంచెం కిందికి, ఇంకొంచెం పెద్దది’ అని చెబుతుంటే తల్లి మచ్చను నేను మళ్లీ గీశాను. డబ్బు తీసుకోలేదు. తీసుకోకపోతే మాత్రం తీరుతుందా!

నాన్నగారి పెన్సిలును తప్పు పట్టను. ఆయన అడిగాకే చేసేవారు. ‘వద్దు’ అన్న మాటను కవరు మీద రాసి మరీ దాచారు. నేను ఆ ఒక్క ప్రశ్నే ఎగ్గొట్టాను.

25 జూలై, గురువారం

వాన. గోదావరి ఎర్రగా ఉరుకుతోంది. బేరం సున్నా.

తమ్ముడి కొడుకు పంపిన సేదూ కేటా ఫోటోల పుస్తకం ముందేసుకున్నాను. మాలీ దేశం, బమాకో పట్నం. 1948లో స్టూడియో పెట్టాడు. మొదట్లో వెనక తెర అంటే తన మంచం మీది దుప్పటే. వచ్చినవాళ్ల కోసం కోట్లు, చేతి గడియారాలు, పెన్నులు, రేడియో, చివరికి స్కూటరు కూడా ఉంచేవాడు. 1991లో న్యూయార్కులో ఆ ఫోటోలు మొదటిసారి ప్రదర్శనకు పెట్టినప్పుడు తీసినవాడి పేరు తెలియదని రాశారట. మన ఊళ్ల స్టూడియోల్లో గోడలకెక్కిన ఫోటోలు మాత్రం ఎవరు తీశారని ఎవరడిగారు?

మాకూ ఒక కోటుండేది. నల్లది, మేకుకు వేలాడేది. ఊళ్లో సగంమంది పెళ్లికొడుకులు ఫోటోల్లో ఆడపెళ్లివాళ్లకు చూపించిన కోటు అదొక్కటే. సన్నవాళ్లకు వెనక నుంచి బట్టల క్లిప్పులు పెట్టేవాళ్లం, ముందు నుంచి చూస్తే కుట్టించినట్టు ఉండేది. చిన్నప్పుడు ఆ క్లిప్పులు పట్టుకోవడం నా పని. పెద్దయ్యాక ఆ కోటంటే సిగ్గేసింది. అరువు దర్జా అనిపించేది.

కేటా మనుషుల్ని చూస్తుంటే ఆ సిగ్గు ఇవాళ కాస్త సడలింది. రేడియో మీద చెయ్యేసిన ఆవిడకు రేడియో ఉందా లేదా అన్నది కాదు సంగతి. దాని మీద చెయ్యి వేయాలని ఆవిడ అనుకుంది. అరువు కోటైనా అడిగి తొడుక్కుంటే ఆ ఫోటో తొడుక్కున్నవాడిదే. అడక్కుండా తేల్చిన రంగు మాత్రం నాది.

4 ఆగస్టు, ఆదివారం

ఆషాఢం ఆఖరు రోజు. షట్టరు దించబోతుంటే కండక్టరు పిల్ల ఒక్కతే వచ్చింది. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది. ఖాకీ చొక్కా, భుజాన సంచి, చేతిలో టికెట్ల మిషను.

“ఇలాగే ఒకటి తీయండి మేడం. అమ్మకు చెప్పకండేం.”

తెల్ల తెర తీసేసి ముదురు బూడిద తెర దించాను. సాఫ్ట్‌బాక్సు పక్కకు జరిపి, ముఖానికి దగ్గరగా తెచ్చాను. ఇలాంటి ఛాయకు నీడల కన్నా మెరుపు ముఖ్యం. చెంప ఎముక మీద, ముక్కు దూలం మీద వెలుగు జారితే ముఖం దానంతటదే తీరుతుంది. మీటరు ముఖం దగ్గర పెట్టి, దాని మీద పడుతున్న వెలుగునే కొలిచాను.

పాఠంలా అందరూ చెప్పే కథ ఒకటుంది. 1941 డిసెంబరు 30న ఒట్టావాలో ఫోటోగ్రాఫర్ యూసఫ్ కార్ష్ బ్రిటన్ ప్రధాని చర్చిల్ నోట్లోని చుట్ట లాగేసి మీట నొక్కాడు. ఆ కోపమే ప్రపంచమంతా చూసిన ఫోటో అయింది. చర్చిల్ దగ్గర లాక్కోవడానికి బోలెడంత ఉంది. నా దగ్గరికొచ్చేవాళ్ల దగ్గర ఇప్పటికే అందరూ లాక్కున్నారు. అందుకే నేను ఏదో ఒకటి చేతికిచ్చి ఆగుతాను.

ఈ పిల్లకు ఇవ్వాల్సిన పని కూడా లేకపోయింది. “రద్దీ బస్సులో ఎలా నిలబడతావమ్మా?” అన్నాను. కాళ్లు కొంచెం ఎడం చేసింది, నడుం సీటుకు ఆనించినట్టు ఒక పక్కకు వాలింది, మిషను ఛాతీ దగ్గరకొచ్చింది. కనుబొమ పైకెళ్లింది. టికెట్ తీసుకోనివాడెవడో నేనే అయినట్టు చూసింది.

మూడు తీశాను. రెండోదే.

19 ఆగస్టు, సోమవారం

ప్రపంచ ఫోటోగ్రఫీ దినం. 1839లో ఇదే రోజున ఫ్రాన్సు ప్రభుత్వం డాగురే కనిపెట్టిన ఫోటో పద్ధతిని లోకానికి ధారపోసింది. మా సంఘం వాళ్లు దండ వేయడానికి రమ్మన్నారు. శ్రావణం పెళ్లి ఆల్బమ్‌లతో తీరలేదు.

మధ్యాహ్నం తల్లి వచ్చింది, బయోడేటా ఫోటోల కోసం. ఖాకీ ఫోటో సంగతి పిల్లే చెప్పేసిందట, అదీ చూపించమంది. చూపించాను. చీర కొంగుతో అద్దం తుడిచినట్టు ప్రింటు తుడిచింది. “ఆయన ఇలాగే నిలబడేవారండి,” అని కాసేపు ఊరుకుంది. మళ్లీ వెంటనే, “ఆ చీరది మాత్రం రంగు తేల్చండి, నాలుగు కాపీలు. పెళ్లిళ్ల పేరయ్యకివ్వాలి.”

“ఫోటో మీ అమ్మాయిది కదండీ, ఆ మాట తనే చెప్పాలి,” అన్నాను.

కోపమొచ్చింది ఆవిడకు. అక్కడే ఫోను చేసి స్పీకరు పెట్టింది. బస్సు మోత, ఎవరో చిల్లర కోసం దెబ్బలాడుతున్నారు. మధ్యలోంచి పిల్ల గొంతు:

“ఫోటోలో తెల్లగా ఉంటే, చూపులకొచ్చిన వాళ్లు నన్ను చూసి ‘అమ్మాయేదీ’ అంటారే అమ్మా!”

ఆవిడ ముందు మూతి ముడిచింది, తర్వాత నవ్వాపుకోలేకపోయింది.

5×7 నాలుగు కాపీలు, ఖాకీది ఒకటి పెద్దది. మొత్తం 650 అంటే 600 ఇచ్చింది. యాభై బాకీ. కవరు మీద పేరు, తేదీ వేసి, కింద రాశాను: టచింగ్ వద్దన్నారు.