మొగల్తూరు అరుగులును, పసివాని సంచియు

నరసాపురము విడిచి పడమరగా బోవు త్రోవలో కొబ్బరితోటలను, వరిచేలను, ఈనాడు ఎటుచూచినను గానవచ్చు చేపల చెరువులను, రొయ్యల చెరువులను దాటినచో మొగల్తూరు వచ్చును. దక్షిణముగా మరికొంత దూరము పోయిన పేరుపాలెము, ఆపై సముద్రము. సినిమాలు చూచువారికి ఇది కృష్ణంరాజుగారు, చిరంజీవిగారు పుట్టిన యూరు. మావారికి బడి ఇచ్చటికి మారి నాలుగేండ్లయినది. నాకు మాత్రము ఇది అరుగుల యూరు. మధ్యాహ్నము వంటిల్లు కడిగికొన్న పిమ్మట ఏ వీధిని బోయినను, అరుగులమీద ఇద్దరు ముగ్గురు స్త్రీలు తెల్లని దారపుండ లొడిలో నుంచుకొని, కొక్కెపు సూదితో లేసు అల్లుచు గాన్పింతురు. మాటలు సాగుచుండును, చూపు పిల్లలమీద నుండును, సూది మాత్రము నిలువదు.

ఆ అరుగులలో నొకదానిపై నేను నేర్చికొన్న పాఠమును మీకు విన్నవింపదలచితిని. అది యొక సంచిని గూర్చినది.

గడచిన మాఘమాసమున అంతర్వేది లక్ష్మీనరసింహస్వామివారి రథోత్సవము చూడవలెనని బయలుదేరితిమి. అప్పటికి మా చిన్నవానికి ఎనిమిదవ నెల. వానికి కావలసిన వస్తువులు పెట్టుకొనుటకై పట్టణమున నొక సంచి కొంటిని. నిగనిగలాడు తోలువంటి బట్ట, బంగారువన్నె గొలుసు, పైని పువ్వుల ముద్ర. పదునెనిమిది వందల రూపాయలు. బేరమాడక యిచ్చితిని. నలుగురిలో చేతబట్టుకొనిన బాగుండునని తలచితినేకాని, లోపల ఒక్క అరయైన లేదని గమనింపనైతిని.

మాధవాయిపాలెపు రేవున పంటెక్కి వసిష్ఠ దాటుచుండగా పిల్లవానికి విరేచనమైనది, వెంటనే మరియొకటి. పొడిగుడ్డకై సంచిలో చేయిపెట్టగా చేయి తడిసినది. పాలసీసా మూత వదలి, పాలన్నియు గుడ్డలమీద ఒలికినవి. అడుగున పడియుండిన ఓ.ఆర్.ఎస్. పొట్లము చిరిగి, పొడి పాలలో కలసి జిగురైపోయినది. చంటివాడు వాడిన తోటకూరకాడవలె నా భుజముపై వ్రాలెను. నా ప్రక్కనున్న యొక ముదుసలి తన మూటలోనుండి ఉతికిన పాతచీర పేలిక తీసి యిచ్చి, పిల్లవానిని తుడిచి, నా సంచివైపు చూచి యిట్లనెను:

“సంచి సోకుకి కాదమ్మా. చీకట్లో చెయ్యెట్టినా కావలసింది చేతికి తగలాలి.”

రథము చూడలేదు. ఆవలి యొడ్డున మందులషాపులో మరియొక పొట్లము కొని, మరిగి చల్లారిన నీటిలో కలిపి, చెంచాతో పట్టించుచు వెనుకకు తిరిగితిమి. వైద్యుని సలహాపై ఆ ద్రవమును, జింకు మందును ఇచ్చుచు, చనుబాలు మానక పట్టితిని. మూడవనాటికి పిల్లవాడు నవ్వెను. విరేచనములు కట్టినను జింకు పదునాలుగు దినములు ఇయ్యవలయునని చెప్పగా అట్లే చేసితిని.

ఆనాటినుండి సంచిని గూర్చి ఆలోచింప మొదలిడితిని. భాగవతములో అడవికి బోవు గోపబాలురకు సైతము ఎవరి చల్దిచిక్కము వారికి గలదు. ఒకరిది ఒకరు దాచి యాటలాడుదురు. మాటలైన రాని పసివానికి తనదైన సంచి యుండుట తప్పా? అయితే అదెట్లుండవలెను?

మొదటిది, తేలికగా నుండవలెను. పిల్లవాని బరువొక భుజముపై నుండగా ఉత్తసంచియే బరువైనచో నడుము నిలువదు. పట్టె వెడల్పుగా నుండి భుజమున అడ్డముగా వేసికొనుటకు వీలుండవలెను. రెండుచేతులును బిడ్డకే విడిచిపెట్టవలెను. గొలుసులు, పూసలు, ఊడివచ్చు బొత్తాములు పనికిరావు. పసివాని చేతికందినది నోటికందినట్లే.

రెండవది, అరలు. పొడిగుడ్డల కొకటి, తడిగుడ్డలకు మైనపుగుడ్డ యతికిన అర యొకటి, అది విడిగా తీసి ఉతుకుటకు వీలైనదిగా, ఆహారపు గిన్నెకు, చెంచాకు ఒకటి, వెలుపల చేయి పెట్టగానే తగులునట్లు మందు పొట్లము, చేతిరుమాలు ఒకచోట. పెద్దల మాత్రలు, చిల్లర, సూదులు ఆ సంచిలో ఎంతమాత్రము నుంచరాదు. పలుచని ప్లాస్టిక్ సంచులును బిడ్డ అందికొనునట్లు పెట్టరాదు; ముఖమున కప్పుకొనిన ఊపిరాడదు.

మూడవది, అందులో పెట్టదగినది. ఆరునెలలు నిండనివానికి చనుబాలు దక్క నీరైనను అక్కరలేదు. ఆ పాలకు సీసా వలదు, సంచి వలదు, వేడిచేయనక్కరలేదు, విరిగిపోవు. ఆపైని పిల్లలకు పెట్టునదానికైన సీసాకంటె మన అమ్మమ్మల ఉగ్గుగిన్నె మేలు. సీసా మెడలో, రబ్బరుపీకలో పాలజిడ్డు దాగును. గిన్నెలో దాగుటకు చోటులేదు. వండిన మెత్తని యన్నమును ఎండలో ఎక్కువసేపు నిలువ యుంచరాదు. ఓ.ఆర్.ఎస్. పెద్ద పొట్లము ఒక లీటరు శుభ్రమైన నీటికి. కలిపినదానిని ఇరువదినాలుగు గంటలు దాటిన పారబోయవలెను.

ఇక గుడ్డ. మేము దాటిన ఆ మాధవాయిపాలెమునకే యొక పూర్వకథ గలదు. 17వ శతాబ్దమున ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీవారు అచ్చట వర్తకస్థాన మేర్పరచుకొనిరి. ఆ రేవునుండి ఓడలెక్కిన మెత్తని తెల్లని నూలుబట్టకు సీమలో ఆ యూరిపేరే నిలిచి ‘మాదపోలం’ అనిరి. మన యూరిపేరు ధరించిన బట్ట పరదేశపు పసిపిల్లల ఒంటిని తాకుచుండగా, మనము పిల్లలసంచికి తోలువంటి ప్లాస్టిక్ వెదకుట చిత్రము గదా! లోపలికి మెత్తని నూలుబట్ట, వెలుపలికి మందపు చేనేత దుప్పటిగుడ్డ తీసికొంటిని. రెండును ఉడుకునీట ఉతికి ఎండవేయదగినవి.

సోకు మాత్రము పూర్తిగ విడువనేల? మూతపై లేసు అల్లించిన అందముగ నుండునని మా వీధి చివర నున్న యొక చిన్నదాని యింటికి బోయితిని. ఆమె వసారాలో కూర్చుండి యుండెను. ఉయ్యాలత్రాడు కాలిబొటనవ్రేలికి కట్టుకొని బిడ్డ నూపుచు, చేతులతో అల్లుచుండెను. దారముతో గూడ ఆరువందలు అడిగినది. నేను నాలుగువందలంటిని. వాడుక ప్రకారము “ఇంటిలో కూర్చుండి తీరికగా అల్లునదేకదా, అమ్మాయీ” అనియు అంటిని.

ఆమె కోపగింపలేదు. సూది నిలిపి నవ్వి యిట్లనెను:

“అందరూ అదేమాటండి, అమ్మగారూ. తీరికెక్కడిదండి? వాణ్ణి కాలితో ఊపుతున్నాను, చేతులతో అల్లుతున్నాను, చెవి పొయ్యిమీది పాలమీదుందండి. ఇదాండి తీరిక?”

నాకు మాట రాలేదు. ఎన్నిదినములు పట్టునని యడుగగా, దినమునకు నాలుగు గంటల చొప్పున ఆరు దినములనెను. దారము నూటయిరువది. నేనన్న నాలుగువందలలో దారముపోగా మిగులునది గంటకు పండ్రెండు రూపాయలైనను గాదు. పనికిరాని సంచికి పదునెనిమిది వందలు మారుమాటాడక యిచ్చిన చేయి, సాటితల్లి చేతిపనికి రెండువందలు కోయజూచినది.

ఇంటికి వచ్చి మావారితో చెప్పగా వారొక పుస్తకము మాట చెప్పిరి. ఈ ప్రాంతపు స్త్రీలకు లేసుపని 19వ శతాబ్దమున క్రైస్తవ మిషనరీల కుటుంబముల ద్వారా వచ్చినది. తరువాత అది పరదేశములకు ఎగుమతియగు వర్తకముగ పెరిగినది. 1982లో మేరియా మీస్ అను జర్మను విదుషి నరసాపురపు లేసు స్త్రీలను గూర్చి గ్రంథము ప్రకటించి, వీరిని పనివారుగ గాక తీరికవేళ అల్లు గృహిణులుగ నెంచుటయే వీరి కూలి అంత తక్కువగ నుండుటకు ఊతమని చూపెనట. నేను చదువుకొన్నదాననని తలచుకొందును. నా నోట వచ్చినదియు ఆ ‘తీరిక’ మాటయే. 2024లో నరసాపురపు లేసునకు భౌగోళిక గుర్తింపు లభించినది. పేరునకు గౌరవము వచ్చినది. చేతికి రావలసినది మనబోంట్ల బేరములో నున్నది.

మరునాడు పోయి, అడిగిన ఆరువందలును, దారపు వెల వేరుగను ఇచ్చితిని. గంటకు ఇరువదియైదు రూపాయలు. అదియు న్యాయమైన కూలియని నేననజాలను. ఆమె మాత్రము అంతకుమించి పుచ్చుకొనుటకు ఒప్పలేదు. లేసు నెట్లు కుట్టవలెనో ఆమెయే చెప్పినది: “కన్నాలు పెద్దవైతే బాబు వేళ్ళు ఇరుక్కుంటాయండి. దగ్గరగా అల్లి, వెనకాల గుడ్డ వేసి కుట్టించండి.” పదునెనిమిది వందల సంచిని చేసినవానికి తట్టని సంగతి ఆ తల్లికి తట్టినది.

చైత్రమాసములో మరల అదే రేవున పంటెక్కితిమి. తిరుగుప్రయాణమునకు ప్రొద్దు గ్రుంకినది. చీకటిలో పిల్లవాడు ఏడ్చెను. సంచిలో చేయిపెట్టితిని. పొడిగుడ్డ చేతికి తగిలినది. ఆ ముదుసలి కనబడునేమోయని చుట్టును చూచితిని, కనబడలేదు.

సోదరీమణులారా! మీ యింట ఉయ్యాల కట్టినప్పుడు పసివానికొక సంచి కుట్టుడు, లేదా కుట్టింపుడు. కొనునప్పుడు వెలుపలి మెరుగు చూడుడు, తప్పులేదు. కాని కన్నులు మూసికొని లోపల చేయిపెట్టియు చూడుడు. చేతిపనికి వెల యడిగినప్పుడు, ఆ చేతులతోబాటు ఏ కాలు ఏ ఉయ్యాల నూపుచున్నదో ఒక్కసారి తలచుడు.