యామనపల్లి మహాకాయము

హైదరాబాదునకు బోయిన సోదరీమణులు చార్మినారు జూచి, గాజులు కొని మరలివత్తురు. నౌబత్ పహాడుపై బిర్లా విజ్ఞాన కేంద్రమున మన గోదావరీ ప్రాంతపు ప్రాణి యొకటి నిలిచియున్నది; దానిని జూడక రావలదు.

44 అడుగుల పొడవు, 16 అడుగుల యెత్తు గల యా యస్థిపంజరమును మెడ కొసదాక జూచుసరికి నా తల వెనుకకు వాలి కొంగు జారినది. కిష్కింధలో శ్రీరాముడు కాలిబొటనవ్రేల జిమ్మిన దుందుభి యెముకలు తలపునకు వచ్చినవి. దీనిని రాక్షసబల్లి యందురు గాని, ఆకులలములు మేసి బ్రదికిన ప్రాణిని రాక్షసి యనుటకు నాకు నోరాడదు.

దీని యెముకలు నాటి ఆదిలాబాదు జిల్లా యామనపల్లి యొద్ద దొరకినవి. 1988లో పి. యాదగిరిగారు దీనిని క్రొత్తజాతిగా నిరూపించి 'కోటసారస్ యామనపల్లియెన్సిస్' అని పేరిడిరి. కోట యనునది ప్రాణహిత కావలి యూరు. ఆ ప్రాంతపు శిలలకును ఆ పేరే. అంతకు ముందు పోచంపల్లిలో (చీరల పోచంపల్లి కాదు సుమా!) దొరకిన మరియొక పొడవుమెడ ప్రాణికి 1975లో రవీంద్రుని పేరు గలిపి 'బరపాసారస్ టాగోరై' అనిరి, అది కోల్‌కతాలోని భారతీయ గణాంక సంస్థలో నున్నది. కవీంద్రునియందు నాకు భక్తి కలదు. ఐనను పోచంపల్లికి ఎముకలును దక్కలేదు, పేరును దక్కలేదు. యామనపల్లికి పేరైన మిగిలినది.

దీని పండ్లు దొరకినవి గాని పుర్రె దొరకలేదు. కేంద్రములో మనము చూచు తల యూహించి చేసినది. అసలు తల యా పల్లెచేల క్రింద నున్నదో, ఆనాటి యేరే కొనిపోయినదో!