ఆఫర్ లెటర్‌లో పిల్లల బడి ఎక్కడుంది?

పోస్టు కొంచెం పెద్దదే, తీరిక చూసుకుని చదవండి. మన గూడేల్లో నర్సింగ్, ఐటీఐ, డిప్లొమా చదివిన అక్కలకు, అన్నలకు ఇప్పుడు బయటి దేశాల నుంచి ఉద్యోగాల కబుర్లు వస్తున్నాయి. ‘మీరు చదువుకున్న పిల్లలు కదా, ఇదేందో చూడండి’ అని ఆ కాయితాలు మన ఫోన్లకే పంపుతున్నారు. మాకు అట్లా వచ్చిన ఒక కాయితాన్ని ఎట్లా లెక్క కట్టామో రాస్తున్నాం. మీ ఊళ్లో ఎవరికైనా పనికొస్తుంది.

మేం అంటే హన్మకొండలో ఒక ఎస్టీ హాస్టల్ రూములో ఉండే ఐదుగురం. ముగ్గురం కోయ, ఇద్దరం గోండు. ఐదుగురి ఇళ్లలోనూ కాలేజీ మెట్లు ఎక్కింది మేమే మొదలు. పాస్‌పోర్టు ఒక్కరికీ లేదు. అయినా దుబాయ్ బడుల ఫీజుల గురించి మూడు వారాలు వెతికాం. ఎందుకంటే అడిగింది మా ఊరి అక్క.

అక్క బీఎస్సీ నర్సింగ్ చేసింది. ప్రభుత్వ కాలేజీలో ఎస్టీ కోటా సీటు. వరంగల్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు, జీతం 19 వేలు. బావ ఆటో నడుపుతాడు. పాపకు పదకొండేళ్లు, ఏకలవ్య గురుకులంలో ఆరో తరగతి. బాబుకు ఆరేళ్లు. అక్కకు దుబాయ్‌లో ఒక క్లినిక్ నుంచి నెలకు 5,000 దిర్హాంల ఆఫర్ వచ్చింది. ఒక దిర్హాం 23 రూపాయల చొప్పున వేసుకున్నా లక్షా పదిహేను వేలు. మా రూములో ఆ అంకె చదవగానే ఒకడు ‘ఇంకేంది, వెళ్లిపొమ్మను’ అన్నాడు. అందరం నవ్వాం.

కానీ అక్క అడిగింది జీతం గురించి కాదు. ‘తమ్ముడూ, పిల్లల్ని తీసుకుపోతే అక్కడ ఏ బళ్లో వేయాలి? మనలాంటోళ్ల పిల్లలకు బళ్లు ఉంటాయా?’ అని అడిగింది.

ముందు మేం నెట్‌లో విదేశాలకు వెళ్లే కుటుంబాల కోసం రాసిన సలహాలు చదివాం. అవన్నీ కంపెనీయే స్కూలు ఫీజు కట్టే పెద్ద ఉద్యోగుల కోసం రాసినవి. బ్రిటిష్ సిలబస్సా, అమెరికన్ సిలబస్సా, స్విమ్మింగ్ పూల్ ఉందా అనే మాటలే. ఫీజు అంకెలు చూసి ఫోన్ పక్కన పెట్టేశాం. తర్వాత నిదానంగా వెతికితే అసలు సంగతులు దొరికాయి.

దుబాయ్‌లో మన పిల్లలు చదివేది దాదాపు అంతా ప్రైవేటు బడుల్లోనే. సీబీఎస్‌ఈ సిలబస్‌తో నడిచే ఇండియన్ బడులు చాలా ఉన్నాయి, మిగతా వాటికంటే వాటిలో ఫీజు తక్కువ. అక్కడ కేహెచ్‌డీఏ అనే ప్రభుత్వ సంస్థ ప్రైవేటు బడుల మీద కన్నేసి ఉంచుతుంది. 2008 నుంచి తనిఖీలు చేసి, ఏ బడి ఎంత బాగుందో గ్రేడు ఇచ్చి అందరికీ కనబడేలా పెట్టింది. ఫీజులు కూడా అందులోనే చూడొచ్చు. బడి తన ఇష్టం వచ్చినట్టు ఫీజు పెంచడానికి లేదు. ఇండియన్ బడులు మన దగ్గరలాగే ఏప్రిల్‌లో మొదలవుతాయి, మిగతావి ఎక్కువగా ఆగస్టు, సెప్టెంబర్‌లలో. అరబిక్ తప్పనిసరి సబ్జెక్టు. ఇక్కడి నుంచి తీసుకెళ్లే టీసీ మీద ప్రభుత్వ ముద్రలు, అటెస్టేషన్లు వేయించుకోవాలి. పాప చదివే ఏకలవ్యలో కూడా సీబీఎస్‌ఈయే కాబట్టి సిలబస్ తేడా పెద్దగా రాదు. ఇక్కడిదాకా బాగానే ఉంది.

అప్పుడు ఆఫర్ లెటర్ మళ్లీ మొదటి నుంచి చదివాం. అందులో ‘సింగిల్ షేర్డ్ అకామడేషన్’ అని ఉంది. అంటే క్లినిక్ ఇచ్చేది ఒక మంచం. నలుగురున్న గదిలో ఒక మంచం. పిల్లల బడి మాట ఎక్కడా లేదు.

యూఏఈలో కుటుంబాన్ని తీసుకెళ్లాలంటే జీతం కనీసం 4,000 దిర్హాంలు, లేదంటే ఉండే చోటుతో కలిపి 3,000 ఉండాలి. అక్క జీతం ఆ గీత దాటుతుంది. రూలు ఒప్పుకుంటుంది. మరి లెక్క ఒప్పుకుంటుందా? అక్కతో పాటు చదివి ఇప్పుడు అక్కడ పనిచేస్తున్న ఇంకో అక్కను అడిగి, నోట్‌బుక్ వెనక పేజీలో రాసుకున్నాం.

వేరే కుటుంబంతో ఫ్లాట్ పంచుకుని ఒక గది తీసుకుంటే నెలకు 1,800. ఇద్దరు పిల్లలకు మామూలు ఇండియన్ బడిలో ఏడాదికి 14,000, స్కూలు బస్సుకు 8,000, మొత్తం 22,000. నెలకు సుమారు 1,830. తిండికి, ఫోన్లకు, బస్సు కార్డుకు ఎంత పిసినారిగా ఉన్నా 1,000. మిగిలేది 370. మన డబ్బుల్లో ఎనిమిదిన్నర వేలు. వీసాలకు, ఇన్సూరెన్సుకు, పుస్తకాలకు, యూనిఫాంకు ఇంకా ఏమీ తీయలేదు. బావకు అక్కడ లైసెన్సు, పని దొరికేదాకా ఇదే లెక్క.

అదే అక్క ఒక్కతే వెళ్లి ఆ మంచం మీద ఉంటే నెలకు లక్షకు కొంచెం తక్కువగా ఇంటికి పంపగలదు.

అప్పుడు మాకు అర్థమైంది. ఆ జీతం తల్లికి రాసిన జీతం కాదు, ఒంటరి మనిషికి రాసిన జీతం. కాయితంలో ఎవరూ ‘పిల్లల్ని వదిలి రా’ అని రాయలేదు. అంకెలే ఆ మాట చెప్తున్నాయి.

ఏజెంటు సంగతి కూడా చెప్పాలి. మధ్యలో ఉన్న మనిషి లక్షా యాభై వేలు అడిగాడు, ‘ముందు విజిట్ వీసా మీద వెళ్లండి, అక్కడ మార్చుకుందాం’ అన్నాడు. ఇది మనందరం గుర్తుపెట్టుకోవాలి. లైసెన్సు ఉన్న రిక్రూటింగ్ ఏజెంటు తీసుకోదగ్గ ఫీజు 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ. అంతకు మించి అడగకూడదు. లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. యూఏఈతో కలిపి 18 దేశాలకు నర్సుగా వెళ్లేవాళ్లకు, పాస్‌పోర్టు ఏ రకమైనా సరే, అదే పోర్టల్ ద్వారా ఎమిగ్రేషన్ క్లియరెన్స్ ఉండాలి. విజిట్ వీసా మీద వెళ్తే ఈ రక్షణ ఏదీ ఉండదు. పదో తరగతి పాస్ కాని మన అన్నలు ఆ దేశాలకు పనికి వెళ్తున్నా క్లియరెన్స్ కావాలి. సరిగ్గా అట్లా వెళ్లినవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల బీమా ఉంటుంది, రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలే.

అక్క ఆస్పత్రిలోనే ఎవరో జర్మనీ గురించి చెప్పారు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్ భాష నేర్పించి పంపుతోంది. దాన్నీ చూశాం. అక్కడ ప్రభుత్వ బడుల్లో ఫీజు లేదు. ఆరేళ్లు వచ్చిన ప్రతి పిల్లా బడికి వెళ్లాల్సిందే, ఇంట్లో కూర్చోబెట్టి చదివిస్తామంటే చట్టం ఒప్పుకోదు. పైగా పిల్లల ఖర్చుకని ప్రభుత్వమే నెలనెలా భత్యం ఇస్తుంది, 2025లో ఒక్కో పిల్లకు 255 యూరోలు. దుబాయ్‌లో తల్లి జీతంలో మూడో వంతు మింగేసిన బడి, ఇక్కడ జీతాన్ని ముట్టుకోదు.

కానీ అక్కడ బేరం డబ్బుతో కాదు, భాషతో. నర్సుగా గుర్తింపు రావాలంటే అక్క సాధారణంగా బీ2 స్థాయి దాకా జర్మన్ నేర్వాలి. నైట్ డ్యూటీలు చేస్తూ చదివితే ఏడాదికి పైనే పట్టొచ్చు. ముందు తను వెళ్లి, ఇల్లు చూసుకుని, తర్వాత వీళ్లను పిలిపించుకోవాలి. బాబు చిన్నోడు, పట్టేస్తాడు. పాప సంగతే కష్టం. ఆ దేశంలో చాలా రాష్ట్రాల్లో నాలుగో తరగతి అయిపోగానే పిల్లల్ని వేర్వేరు బడులకు విడదీస్తారు. యూనివర్సిటీ వైపు తీసుకెళ్లేది గిమ్నాజియం, పని నేర్చుకునే వైపు తీసుకెళ్లేవి ఇంకొన్ని. తర్వాత మారొచ్చు కానీ సులభం కాదు. పాప వెళ్లేసరికి ఆ విడదీయడం అయిపోయి ఉంటుంది. లెక్కల్లో ఫస్ట్ వచ్చే పిల్ల, భాష రాక వెనక బెంచీలో కూర్చోవాల్సి రావచ్చు.

ఇక్కడే మా రూములో గొడవ మొదలైంది. రాత్రి పన్నెండు దాకా నడిచింది, వార్డెన్ వచ్చి లైటు తీసేయించాడు.

ఎందుకంటే భాష రాని బడి అంటే ఏందో మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మాలో ఒకడు ఒకటో తరగతిలో దాహమై సారును ‘ఏర్’ అడిగాడు. కోయలో ఏర్ అంటే నీళ్లు. తెలుగులో ఏరు అంటే వాగు. వీడు వాగుకు పోతానంటున్నాడనుకుని సారు కూర్చోబెట్టాడు. మధ్యాహ్నం దాకా దాహంతోనే కూర్చున్నాడు. సారు చెడ్డవాడేం కాదు, ఆయనకు మన మాట తెలియదు, అంతే. గోండు తమ్ముళ్లకూ ఇట్లాంటి కథలే ఉన్నాయి. మూడో తరగతిలో ఆశ్రమ పాఠశాలకు వచ్చిన రోజు మాకు అదే విదేశం. ఇంటికి నలభై కిలోమీటర్లే, కానీ వేరే భాష, వేరే తిండి, అమ్మ లేదు. ప్రవాసుల పిల్లలు అని పుస్తకాల్లో రాసేది మన గురించి కాదనుకుంటాం కానీ, మనం చిన్నప్పుడే ప్రవాసులం.

అందుకే మాలో ముగ్గురు అన్నారు: మనం తట్టుకున్నాం, పాప కూడా తట్టుకుంటుంది, పైగా తనకు పక్కన అమ్మ ఉంటుంది, మనకు అది కూడా లేదు. ఇద్దరు అన్నారు: తట్టుకున్నవాళ్లమే ఇక్కడ కూర్చుని మాట్లాడుతున్నాం, మనతో పాటు ఆశ్రమ పాఠశాలలో చేరి ఏడో తరగతిలో పోడు పనికి తిరిగిపోయినవాళ్లు ఈ రూములో లేరు కదా. ఆ మాటకు ఎవరి దగ్గరా జవాబు లేదు.

ఇంకో లెక్క కూడా ఉంది, ఇది చాలామందికి తెలియదు. దేశం దాటినా ఎస్టీ అనేది పోదు, అది పుట్టుకతో వచ్చింది. కానీ స్థానికత పోవచ్చు. తెలంగాణలో మెడికల్ సీటుకు లోకల్ కావాలంటే ఇంటర్ దాకా వరుసగా నాలుగేళ్లు, అంటే తొమ్మిదో తరగతి నుంచి, ఇక్కడే చదవాలని నిబంధన. రాష్ట్రంలో మనకు 2022లో 10 శాతానికి పెంచిన రిజర్వేషన్‌లో లోకల్‌గా నిలబడాలంటే ఆ నాలుగేళ్లు ముఖ్యం. పాప డాక్టర్ అవుతానంటోంది. ఏకలవ్య సీటు పరీక్ష రాసి తెచ్చుకుంది. తిండి, పుస్తకాలు, బట్టలు అన్నీ అక్కడే ఉచితం. ఒకసారి వదిలితే మళ్లీ ఆ సీటు దొరుకుతుందన్న భరోసా లేదు.

ఇంత లెక్క వేశాక మాకు తట్టింది, పాపను ఎవరూ అడగలేదని. దసరా సెలవులకు వచ్చినప్పుడు అక్క అడిగింది. పాప రెండు ప్రశ్నలు వేసింది. ‘అక్కడ నాకు మాట రాకపోతే కింది క్లాసులో వేస్తారా?’ అన్నది మొదటిది. ‘నువ్వు రాత్రి డ్యూటీకి పోతే తమ్ముడి దగ్గర ఎవరు పడుకుంటారు?’ అన్నది రెండోది. మూడు వారాలు వెతికిన మా పేజీలో రెండో ప్రశ్న లేనేలేదు.

అక్క దుబాయ్ క్లినిక్‌కు మెయిల్ పెట్టింది, మేమే ఇంగ్లీషు చూసిపెట్టాం. ఈ-మైగ్రేట్ ద్వారా పిలుస్తారా, ఫ్యామిలీ అకామడేషన్ బదులు అలవెన్సు ఇస్తారా అని రెండే ముక్కలు. రెండోదానికి కుదరదని జవాబు వచ్చింది, మొదటిదానికి జవాబే లేదు. అక్క వద్దనుకుంది. ఇప్పుడు జర్మన్ క్లాసులో చేరింది. ఏ1 నడుస్తోంది, డ్యూటీ దిగి బస్సులో ఫోన్ పెట్టుకుని చదువుతోంది. పాప ఎనిమిదో తరగతి దాకా ఎట్లాగూ ఏకలవ్యలోనే. తర్వాత తమ్ముడితో కలిసి వెళ్తుందా, ఇక్కడే ఉండి లోకల్ కాపాడుకుంటుందా అన్నది ఇంకా తేలలేదు. మా రూములో ఇప్పటికీ ముగ్గురు అటు, ఇద్దరు ఇటు.

మీ దగ్గరికి ఇట్లాంటి కాయితం వస్తే జీతం అంకె చివర చదవండి. ముందు ఇవి చూడండి: ఉండేది ఒక మంచమా, ఇల్లా? పిల్లల వీసాకు జీతం సరిపోతుందా? బడి ఫీజు, బస్సు ఫీజు తీస్తే ఏం మిగులుతుంది? బడి ఏ భాషలో? తిరిగి వస్తే ఏ క్లాసులో, ఏ సీటులో చేర్చుకుంటారు? తల్లి డ్యూటీలో ఉన్నప్పుడు పిల్లల దగ్గర ఎవరు?

ఆ తర్వాత పిల్లల్నే అడగండి. చిన్నప్పుడు మమ్మల్ని ఎవరూ అడగలేదు. ట్రంకు పెట్టె సర్ది బస్సు ఎక్కించారు. మనోళ్లకు అప్పుడు ఇంకో దారి లేదు, వాళ్లను తప్పు పట్టం. ఇప్పుడు రెండు మూడు దారులు కనబడుతున్నాయి కాబట్టి అడగొచ్చు.

మన గూడేల నుంచి పిల్లలతో సహా బయటి దేశాలకు వెళ్లిన కుటుంబాలు మీకు తెలిస్తే, వాళ్ల పిల్లలు మొదటి ఏడాది బడిలో ఎట్లా ఉన్నారో రాయండి. అక్కకు చదివి వినిపిస్తాం.