పోషకుడు వెళ్ళిపోయాక

పోయిన నెల కార్యవర్గ సమావేశానికి వచ్చినవారందరికీ తెలిసిన సంగతితోనే మొదలుపెడతాం. ఏడేళ్ళుగా ఉగాదికీ సంక్రాంతికీ హాలు అద్దె, మైకు ఖర్చు, హైదరాబాదు నుండి వచ్చే గాయకుల విమానం టిక్కెట్లు తన జేబులోంచి భరిస్తూ వచ్చిన మన పెద్దాయన, వచ్చే వేసవికి ఇక్కడి పనులు చక్కబెట్టుకుని విజయవాడ వెళ్ళిపోతున్నారు. పేరు రాస్తే ఆయన నొచ్చుకుంటారు కనక రాయడం లేదు. ఆ మాట విన్నాక కాసేపు ఎవరూ నోరు విప్పలేదు. చివరికి ఒకరు, "అయితే ఇంకో పోషకుణ్ణి వెతుక్కోవాలి" అన్నారు. అందరూ తలలూపారు. మేమిద్దరమూ ఊపాం.

ఇంటికి వెళ్ళే దారిలో, లెవర్‌కూజెన్ దగ్గర బాయర్ కంపెనీవారి పెద్ద దీపాల చక్రం దూరాన కనిపించింది. అది చూశాక ఆ తల ఊపడం తొందరపాటేమో అనిపించింది. ఎందుకో చెప్పాలంటే ఒక బాస్కెట్‌బాల్ జట్టు కథ చెప్పాలి. ఆటల మీద రాయడానికి మాకు పెద్ద అర్హత లేదు. ఇద్దరం ఆసుపత్రి డ్యూటీల మధ్య బతికే వైద్యులం. మా అబ్బాయికి తొమ్మిదేళ్ళు. వాడు ఈ ఆట పిచ్చిలో పడ్డాక శనివారాలు వాడి వెంట తిరుగుతూ విన్నదీ చదివిందీ మాత్రమే మాకు తెలుసు.

మన ఊళ్ళలో బేయర్ అని పిలిచే కంపెనీయే ఈ బాయర్. అందులో పనిచేసిన ఫెలిక్స్ హోఫ్‌మన్ 1897లో తయారుచేసిన మందు 1899 నుండి ఆస్పిరిన్ పేరుతో అమ్ముడవుతోంది. గుండె జబ్బు వచ్చినవారికి ఇవాళ్టికీ చిన్న మోతాదులో మేము రాసే మాత్ర అదే. లెవర్‌కూజెన్ ఊరు కూడా ఒక విధంగా కర్మాగారాల బిడ్డే. కార్ల్ లెవర్‌కుస్ అనే ఆయన అక్కడ నీలిరంగు కర్మాగారం పెట్టాడు; ఊరి పేరులో ఉన్నది ఆయన పేరే. ఆ స్థలాన్ని బాయర్‌వారు 1891లో కొన్నారు. 1912లో తమ ప్రధాన కార్యాలయాన్నీ అక్కడికే తెచ్చుకున్నారు.

ఆ కర్మాగారంలో విల్హెల్మ్ హౌషిల్డ్ అనే పనివాడు ఉండేవాడు. 1903 నవంబరులో ఆయన యజమానులకు ఒక ఉత్తరం రాశాడు: మాకు ఆటల సంఘం కావాలి, దానికి మీ సాయం కావాలి అని. ఆ ఉత్తరం మీద దాదాపు 170 మంది తోటి పనివాళ్ళు సంతకాలు పెట్టారు. 1904 జూలై 1న సంఘం పుట్టింది. ఈ సంగతి మాకు ఎందుకో బాగా నచ్చింది. డబ్బు కంపెనీదే అయినా, మొదటి అడుగు పనివాళ్ళది. పోషకుడు సంఘాన్ని పెట్టలేదు. సంఘం కావాలనుకున్నవాళ్ళు వెళ్ళి పోషకుణ్ణి అడిగారు.

ఆ గొడుగు కింద 1961లో బాస్కెట్‌బాల్ విభాగం మొదలైంది. 1966లో జర్మనీలో ఈ ఆటకు బుండెస్‌లీగా ఏర్పడింది. తరవాత పదేళ్ళు తిరక్కుండానే లెవర్‌కూజెన్ 1970, 1971, 1972, 1976 సంవత్సరాల్లో జాతీయ విజేత అయింది. 1979లో మళ్ళీ గెలిచింది, 1985లోనూ 1986లోనూ గెలిచింది. 1989లో డిర్క్ బౌయర్‌మన్ శిక్షకుడుగా వచ్చాక 1990 నుండి 1996 వరకు వరసగా ఏడేళ్ళు మరొకరికి అవకాశం ఇవ్వలేదు. లెక్క వేస్తే మొత్తం 14 సార్లు. జర్మనీలో ఇంకే జట్టూ ఆ అంకెను ఇంతవరకూ అందుకోలేదు.

ఆ ఊరి పిల్లవాడే డెట్‌లెఫ్ ష్రెంప్ఫ్. 1963లో అక్కడే పుట్టి, ఆ సంఘంలోనే ఆట నేర్చుకుని అమెరికా వెళ్ళాడు. అక్కడి వృత్తి లీగులో మూడుసార్లు ఆల్‌స్టార్ ఆటకు ఎంపికయ్యాడు. 1993లో మ్యూనిక్‌లో జర్మనీ మొదటిసారి యూరప్ కప్పు గెలిచినప్పుడు, ఫైనల్లో రష్యా మీద తేడా ఒక్కటే పాయింటు: 71–70. ఆ గెలుపు పాయింటు తెచ్చిన క్రిస్టియన్ వెల్ప్ అప్పటి లెవర్‌కూజెన్ ఆటగాడే. పాపం, 2015లో 51 ఏళ్ళకే పోయాడు. అతనితోపాటు ఆ జట్టులో ఉన్న హెన్నింగ్ హార్నిష్, మిఖాయెల్ కోఖ్ కూడా ఇక్కడివాళ్ళే.

ఇంత వైభవమూ ఒకే చేతి మీద నిలబడింది. ఆ చేతికి వంక పెట్టడం మా ఉద్దేశం కాదు. అది లేకపోతే ఈ 14 గెలుపులూ లేవు. కాని కాలం మారింది. 1996 తరవాత లెవర్‌కూజెన్‌కు మరో విజయం రాలేదు. 1997 నుండి వరసగా ఏడేళ్ళు బెర్లిన్‌వారి ఆల్బా జట్టు గెలిచింది. బౌయర్‌మన్ కూడా వెళ్ళిపోయి తరవాత బాంబెర్గ్ అనే చిన్న ఊరి జట్టును 2005లోనూ 2007లోనూ విజేతగా నిలిపాడు. ఆ 2007లోనే బాయర్ కంపెనీ తన క్రీడల ఖర్చును సర్దుకుంది. వృత్తి క్రీడల్లో ఫుట్‌బాల్ ఉంటుంది. మిగిలిన చోట్ల పిల్లల ఆటలకూ సామాన్యుల ఆటలకూ సాయం చేస్తాం అంది. ఇది కొత్త కూడా కాదు. 1985లో జర్మన్ ఫుట్‌బాల్ కప్పు గెలిచిన ఊర్డింగెన్ జట్టు నుండి 1995లో ఇలాగే తప్పుకుంది. ఆ జట్టు తరవాత కోలుకోలేదు.

2008లో, 14 సార్లు గెలిచిన జట్టు తాలూకు ఆడే హక్కు ఊరు దాటి డ్యుస్సెల్‌డోర్ఫ్‌కు పోయింది. ఎంత దూరమని, ఓ ముప్ఫై కిలోమీటర్లు. కాని వైద్యులుగా మాకు తెలిసిన మాట ఒకటుంది: అవయవాన్ని తీసి మరొకరికి పెట్టడం కన్నా, ఆ ఒళ్ళు దాన్ని తనదనుకోవడం కష్టం. డ్యుస్సెల్‌డోర్ఫ్ తనదనుకోలేదు. మూడేళ్ళు తిరిగేసరికి, 2011లో ఆ జట్టు పై లీగు నుండి దిగిపోయింది.

మరి లెవర్‌కూజెన్‌లో ఏం మిగిలింది? మేము ఆలోచించింది ఇక్కడే. అక్కడ సంఘం మూతపడలేదు. సభ్యులున్నారు, పిల్లల జట్లున్నాయి, సాయంత్రం దీపాలు వేసి తలుపు తీసేవాళ్ళున్నారు. కింది లీగుల్లో మళ్ళీ ఆడటం మొదలుపెట్టారు. 2019లో మూడో మెట్టు గెలిచి రెండో మెట్టుకు ఎక్కారు. పై మెట్టు అందలేదు. అందుతుందో లేదో చెప్పలేం. పోషకుడు పెంచిన భాగం పోషకుడితో పోయింది. సభ్యులు చేసుకుంటున్న భాగం నిలిచింది.

గుండెకు రక్తం తెచ్చే నాళం ఏళ్ళ తరబడి మెల్లగా సన్నబడితే, పక్కనున్న సన్నటి నాళాలు పెరిగి కొంత రక్తాన్ని వేరే దారిన తెస్తాయి. అప్పుడు అసలు నాళం మూసుకున్నా కండ చాలావరకు బతుకుతుంది. పక్క దారులు లేకుండా ఒక్కసారిగా మూసుకుంటే గంటల్లో చచ్చిపోతుంది. మన సంఘానికి ఇప్పుడు ఎనిమిది నెలల వ్యవధి ఉంది. పెద్దాయన ముందుగా చెప్పి మనకు ఇచ్చిన ఆఖరి విరాళం అదే అనుకుంటున్నాం. ఆ ఎనిమిది నెలలూ ఇంకో పెద్ద నాళం కోసం వెతకడంలో గడిపేద్దామా, పక్క దారులు పెంచుకుందామా?

మా అబ్బాయి ఆడే సంఘం చాలా చిన్నది. ఈ దేశంలో సంఘాన్ని రిజిస్టరు చేయాలంటే ఏడుగురు సభ్యులుంటే చాలు. వాళ్ళది అంత చిన్నది కాదు గాని, పోషకుడు అంటూ ఎవరూ లేరు. నెల నెలా చందా బ్యాంకు ఖాతాలోంచి దానంతటదే పోతుంది. పోటీ ఉన్న రోజున తల్లిదండ్రులు వంతులవారీగా కేకులు చేసి తెస్తారు, కాఫీ అమ్ముతారు, పిల్లల్ని కార్లలో తిప్పుతారు. పాయింట్లు రాసేదీ గడియారం నొక్కేదీ తల్లిదండ్రులే. మా వంతు మొదటిసారి వచ్చినప్పుడు చేతులు వణికాయి. ఆపరేషను గదిలో కూడా అంత భయపడలేదు. కాని ఆ రోజు నుండి "వాళ్ళ సంఘం" అనడం మానేశాం.

దీని మీద మా ఇంట్లోనే రెండు పక్షాలున్నాయి. మాలో ఒకరి వాదన: హైదరాబాదు గాయకులు రాకపోయినా ఫరవాలేదు, ఆదివారం తెలుగు బడి నడిస్తే చాలు. రెండోవారి వాదన: పెద్ద పండగ చూడని పిల్లవాడికి బడికి రావాలనే ఉబలాటం ఎక్కడిది? లెవర్‌కూజెన్‌లో పెద్దవాళ్ళ ఆట చూసే కదా పిల్లలు బంతి పట్టింది? ఈ రెండో మాటకు మొదటివారి దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు. అయినా ఒక దగ్గర ఇద్దరం కలిశాం. రెండూ నడవడం కష్టమైతే ముందు నిలబెట్టుకోవలసింది బడిని. పండగ చిన్నదైతే మరుసటి ఏడు పెంచుకోవచ్చు. బడి ఒక ఏడు ఆగితే, ఆ ఏడు పెరిగిన పిల్లలు మళ్ళీ రారు.

మా చిన్నతనంలో ఊళ్ళో శ్రీరామనవమి పందిరికి ఒక ఇంటివారు తాటాకులు, ఒక ఇంటివారు పానకానికి బెల్లం, ఒకరు వడపప్పు ఇచ్చేవారు. ఇవ్వలేనివారు వచ్చి గుంజలు పాతేవారు. అంచేత పందిరి ఎవరిదని ఎవరూ అడగలేదు. ఆ అలవాటు మనం ఇక్కడికి తెచ్చుకున్నామనుకున్నాం. నిజానికి మధ్యలో ఎక్కడో వదిలేశాం.

ఇక మా తప్పు కూడా చెప్పుకోవాలి. ఈ వ్యాసం రాస్తూ పాత కాగితాలు తీసి చూస్తే తెలిసింది, మేము రెండేళ్ళుగా సభ్యత్వ రుసుము కట్టలేదు. డబ్బు లేక కాదు, ఇష్టం లేక కాదు. ఎవరూ అడగలేదు, అడగవలసిన అవసరం పెద్దాయన రానివ్వలేదు. ఇలాంటివాళ్ళం మేమొక్కరమే కాదని అనుకుంటున్నాం. ఆయన మనకు చేసిన మేలు కొండంత. మనం ఆ మేలు వెనక హాయిగా దాక్కున్నాం.

కోశాధికారిగారికి మా రెండేళ్ళ బాకీ ఈ వ్యాసంతోపాటే పంపుతున్నాం. వచ్చే సమావేశంలో మేము అడగబోయేవి మూడే: కుటుంబానికి నెలకు ఇంతని ఒక చిన్న చందా, ప్రతి పండగ పనికీ నాలుగేసి ఇళ్ళ వంతు, లెక్కలు ఈ పత్రికలోనే అచ్చువేయడం. పెద్దాయన వెళ్ళేలోగా వచ్చే ఉగాది మనందరి ఖర్చుతో జరగాలి; ఆయన ముందు వరసలో అతిథిగా కూర్చోవాలి.

ఆ రోజు పులిహోర మా ఇంటి నుండి. పచ్చడి ఎవరు చేస్తారో ముందుగా చెప్పండి. ఇక్కడ వేపపువ్వు దొరకడం కష్టం, ఊరి నుండి వచ్చేవాళ్ళకు ఇప్పుడే చెప్పిపెట్టాలి.