మూగదెబ్బను తేలిగ్గా తీసుకోకండి

దెబ్బ తగిలి రక్తం కారితే మనవాళ్ళు కంగారుగా పరుగెత్తుకొస్తారు. చర్మం చిట్లకపోతే మాత్రం "మూగదెబ్బే కదా" అని ఆముదం రాసి, కాపడం పెట్టి ఊరుకుంటారు. నాకు ఈ రెండో రకం రోగుల విషయంలోనే ఎక్కువ బెంగ. పైకి కారే రక్తాన్ని గుడ్డతో అదిమి ఆపవచ్చు. లోపల కారేదాన్ని చూసేదెవరు?

ఎద్దు కుమ్మినా, స్కూటరు మీదనుంచి పడినా చర్మం సాగి తట్టుకుంటుంది గాని, దాని కింద కండరాల్లోని రక్తనాళాలు చిట్లుతాయి. పెద్దవారి ఒంట్లో ఉండే రక్తం సుమారు 5 లీటర్లు. అందులో ఒక లీటరు దాకా తొడ కండరాల్లో చేరినా పైకి వాపు తప్ప ఏమీ కనిపించకపోవచ్చు. కమిలిన మచ్చ ఒకటి రెండు రోజులకు గాని తేలదు. అదీ ఒక్కొక్కప్పుడు దెబ్బ తగిలిన చోటుకు కిందుగా వస్తుంది. తొడకు తగిలితే మోకాలి దగ్గర నల్లబడటం అందుకే.

ఆమధ్య 60 ఏళ్ళు దాటిన ఒక రైతు వచ్చారు. గట్టుమీద జారిపడితే సిమెంటు దిమ్మెకు తొడ కొట్టుకుంది. రెండు రోజులు ఇంట్లో మర్దనా చేశారు. మూడోరోజు నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయని తీసుకొచ్చారు. మనిషి పాలిపోయి ఉన్నాడు, నాడి వేగంగా కొట్టుకుంటోంది. టేపుతో కొలిస్తే దెబ్బ తగిలిన తొడ రెండోదానికన్నా 6 సెంటీమీటర్లు లావుగా ఉంది. "రోజూ ఏమైనా మాత్రలు వాడుతున్నారా?" అని అడిగాను. గుండె కవాటం మార్చినప్పటినుంచి వార్ఫరిన్ వాడుతున్నారట! రక్తాన్ని గడ్డకట్టనివ్వని మందు అది. కాలి దెబ్బకూ గుండె మాత్రకూ సంబంధం ఉంటుందని ఇంట్లో ఎవరికీ తోచలేదు. పెద్దాసుపత్రిలో చేర్చాం. అక్కడ గుండె డాక్టరు సలహాతో మందు సరిచేసి, రెండు యూనిట్ల రక్తం ఎక్కించాక తేరుకున్నారు. సూదితో ఆ రక్తం లాగేయమని కొడుకులు పట్టుబట్టారు. గడ్డకట్టిన రక్తం సూదిలోకి రాదు, పైగా చీము పట్టే ప్రమాదం. శరీరమే దాన్ని మెల్లగా కరిగించుకుంది, రెండు నెలలు పట్టింది.

మూగదెబ్బ తగిలితే మొదటి రెండు రోజులూ ఆ భాగానికి విశ్రాంతి ఇవ్వండి. ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి రెండు మూడు గంటలకొకసారి 15 నిమిషాలు పెట్టండి. కాలైతే దిండుమీద ఎత్తుగా ఉంచండి. మర్దనా, కాపడం వద్దేవద్దు. ఆగిన రక్తం మళ్ళీ మొదలవుతుంది. నలిగిన కండరంలో ఎముకలాంటి గట్టి పదార్థం ఏర్పడే అవకాశమూ ఉంది. నొప్పికి పారాసిటమాల్ చాలు. ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ మీ అంతట మీరు కొని వేసుకోవద్దు. గుండె కోసం డాక్టరు రాసిన మాత్రలను మాత్రం అడగకుండా ఆపకండి.

వాపు చుట్టూ పెన్నుతో గీత గీయండి. వాపు గీత దాటి పోతుంటే డాక్టరుకు చూపించండి. కాలు చెక్కలా బిగుసుకుపోయి, వేళ్ళు కదిలిస్తే భరించలేని నొప్పి, తిమ్మిరి ఉంటే కట్టు వదులు చేసి వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. లోపలి ఒత్తిడికి కొన్ని గంటల్లోనే కండరం చచ్చిపోతుంది. చల్లచెమటలు, కళ్ళు తిరగడం, దాహం రక్తం తగ్గిందనడానికి గుర్తులు. ఎడమ డొక్కలో దెబ్బ తగిలి ఎడమ భుజం నొప్పి పుడితే ప్లీహం చిట్లిందేమోనని అనుమానించాలి. అది కొన్ని రోజుల తరువాత కూడా జరగవచ్చు. చిన్న దెబ్బకే తరచు కీళ్ళు వాచే మగపిల్లలకు హిమోఫీలియా ఉందేమో పరీక్ష చేయించాలి.

డాక్టరు దగ్గరకు వెళ్ళేటప్పుడు, రోజూ వాడే మాత్రల చీటీ తప్పకుండా వెంట తీసుకెళ్ళండి. దెబ్బ ఎలా తగిలిందో చెప్పడం ఎంత ముఖ్యమో ఆ చీటీ చూపించడమూ అంతే ముఖ్యం.