గుట్ట ఎక్కితే ఏమొస్తది?

మేము ముగ్గురం ఈ హాస్టల్ అన్నం తిని పదో తరగతి దాటినవాళ్ళం. ఇప్పుడు హైదరాబాద్‌లో పీజీ చదువుతున్నాం. ముగ్గురికీ 23 ఏళ్ళు. మా ఇళ్ళల్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాళ్ళం మేమే. సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సార్ అడిగారు. చదువు గురించి, లక్ష్యం గురించి చాలామంది రాస్తారు కదా, మేము నడక గురించి రాస్తామన్నాం. పోయిన నవంబరులో ఒక ఆదివారం మన హాస్టల్ స్కౌట్ పిల్లలను 24 మందిని వికారాబాద్ దగ్గరి అనంతగిరి గుట్టలకు హైక్ తీసుకెళ్ళాం. ఆ సంగతులే ఇవి.

స్కౌట్ అంటే మెడలో స్కార్ఫు కట్టుకుని ఆగస్టు 15న పరేడ్ చేసేవాళ్ళని మనలో చాలామంది అనుకుంటారు. కానీ అది పుట్టింది చెట్ల మధ్య, గుడారాల్లో. 1907లో బేడెన్ పావెల్ అనే బ్రిటిష్ సైన్యాధికారి ఇంగ్లండులోని బ్రౌన్‌సీ దీవికి సుమారు 20 మంది పిల్లల్ని తీసుకెళ్ళి క్యాంపు పెట్టాడు. వాళ్ళలో కొందరు ధనవంతుల పిల్లలు, కొందరు పనిచేసుకుని బతికే ఇళ్ళ పిల్లలు. మన దేశంలో మొదటి దళం 1909లో బెంగుళూరులో మొదలైంది. అయితే అది దొరల పిల్లలకు, ఆంగ్లో ఇండియన్ పిల్లలకే. మనవాళ్ళను చేర్చుకోలేదు. తర్వాత మద్రాసులో అనిబిసెంట్, అలహాబాదులో మదన్ మోహన్ మాలవ్యా, హృదయనాథ్ కుంజ్రూ వంటివారు మన పిల్లల కోసం సంఘాలు పెట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక 1950 నవంబరు 7న ఉన్న సంఘాలు కలిసి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడింది. 1951 ఆగస్టు 15న బాలికల సంఘం కూడా అందులో చేరింది. ఒకప్పుడు మనల్ని రానివ్వని వరుసలో ఇప్పుడు మన హాస్టల్ పిల్లలు నిలబడుతున్నారు. అందుకే ఆ స్కార్ఫు కట్టేటప్పుడు ముడి సరిగ్గా వేయమని పిల్లలకు మరీ మరీ చెబుతాం.

హైక్‌కు ముందు పదిహేను రోజులు ప్రతి శని, ఆదివారాలు హాస్టల్‌కు వచ్చాం. ఆరు నుంచి తొమ్మిదో తరగతి వరకు ఉన్న పిల్లలను ఎనిమిదేసి మంది చొప్పున మూడు పెట్రోళ్ళు చేశాం. ఒక్కొక్క పెట్రోల్‌కు ఒక లీడరు. 24 స్కార్ఫులు దొరికాయి. బూట్లు మాత్రం తొమ్మిది జతలే. మిగతావాళ్ళవి హవాయి చెప్పులు, ప్లాస్టిక్ చెప్పులు. అందుకని రాళ్ళు ఎక్కువున్న నిటారు దారి వదిలేసి, చెప్పులతో నడవగలిగే దారి ఎంచుకున్నాం. హైక్‌లో మొదటి సూత్రం ఇదే. ముందు నడిచేవాడి వేగం గుంపు వేగం కాదు, చివర నడిచేవాడిదే గుంపు వేగం. అందుకే మాలో ఒకరం ముందు, ఒకరం మధ్యలో, ఒకరం అందరికంటే వెనక నడవాలని అనుకున్నాం. తాడు, ఈలలు, ప్రథమ చికిత్స పెట్టె, ఉప్పు, చక్కెర, నిమ్మకాయలు, మనిషికి రెండు సీసాల నీళ్ళు సర్దుకున్నాం. వంట అక్క తెల్లవారుజామునే లేచి పులిహోర కలిపి ఇచ్చింది.

అన్నింటికంటే కష్టమైంది తల్లిదండ్రులను ఒప్పించడం. నవంబరు అంటే పత్తి తీసే కాలం. శనివారం సాయంత్రం చాలామంది తల్లిదండ్రులు పిల్లల్ని ఇంటికి తీసుకుపోయి ఆదివారం చేనుకు తోలుకుపోతారు. కిలోకు ఇంత అని కూలి కాబట్టి రెండు చేతులు కలిస్తే ఆ రోజు సరుకులకు పైసలు వస్తాయి. ఎనిమిదో తరగతి పిల్లవాడి తల్లి ఒకామె హాస్టల్ గేటు దగ్గర మమ్మల్ని నిలబెట్టి అడిగింది, “గుట్ట ఎక్కితే ఏమొస్తది బిడ్డా? పత్తి ఏరితే కూలన్న వస్తది.” ఆమె మమ్మల్ని తిట్టలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. క్రమశిక్షణ, నాయకత్వ లక్షణాలు, సర్టిఫికెట్ అని మేము ఏవేవో చెప్పాం. ఆమె అంతా విని, “చూస్తా బిడ్డా” అని వెళ్ళిపోయింది. ఆదివారం ఉదయం ఆ పిల్లవాడు అందరికంటే ముందే గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ఎట్లా వచ్చావని మేము అడగలేదు, వాడూ చెప్పలేదు.

ఆమె ప్రశ్న మాకు కొత్తది కాదు. మన ఇళ్ళల్లో గుట్టకు ఊరికే పోయినవాళ్ళు ఎవరున్నారు? కట్టెలకు పోయారు, మేకల వెంట పోయారు, సీతాఫలాలు తెంపి గంపల్లో అమ్మడానికి పోయారు. మా ముగ్గురిలో ఒకరిది భద్రాచలం వైపు ఊరు. వాళ్ళమ్మ ఏటా ఎండాకాలం తునికాకు కోసేది. తెల్లవారకముందే అడవికి పోయి, ఆకు తెచ్చి, 50 ఆకులకు ఒక కట్ట చొప్పున కట్టి, సాయంత్రం కల్లంలో అప్పజెప్పేది. ఆ కట్టల డబ్బుతోనే అతని ఇంటర్ పుస్తకాలు వచ్చాయి. అట్లాంటి తల్లులకు నడక అంటే నెత్తిన బరువు. బరువు లేకుండా, చూడడానికే నడవడం అనేది మన ఇళ్ళకు ఇప్పుడిప్పుడే వస్తున్న కొత్త సంగతి.

వికారాబాద్‌లో బస్సు దిగి ఉదయం ఎనిమిదింటికి నడక మొదలుపెట్టాం. అటవీశాఖ వాళ్ళకు ముందే చెప్పి ఉంచాం. మంట పెట్టకూడదు, కొమ్మ విరవకూడదు, ప్లాస్టిక్ పడేయకూడదు అని పిల్లలతో మూడుసార్లు చెప్పించాం. మొదటి పెట్రోల్ పావుగంట ముందు పోతూ నేల మీద రాళ్ళతో, పుల్లలతో గుర్తులు పెట్టింది. బాణం గుర్తుంటే ఆ దారిన పోవాలి, అడ్డగీతలుంటే పోకూడదు. వెనక వచ్చే పెట్రోళ్ళు ఆ గుర్తులు వెతుక్కుంటూ నడవాలి. ఒక పెద్ద టేకు చెట్టు దగ్గర ఎత్తు కొలవడం నేర్పాం. ఐదడుగుల పిల్లవాడిని చెట్టు మొదట్లో నిలబెట్టాలి. మనం దూరంగా నిలబడి, చేయి చాచి పుల్ల పట్టుకుని, ఆ పిల్లవాడు పుల్లలో ఎంత భాగం కనిపిస్తున్నాడో బొటనవేలితో గుర్తు పెట్టాలి. ఆ భాగం చెట్టు మీద ఎన్నిసార్లు పడుతుందో లెక్కపెట్టాలి. ఎనిమిదిసార్లు పడితే 40 అడుగులు. లెక్కల పీరియడ్‌లో వెనక బెంచీలో దాక్కునే పిల్లలు ఆ రోజు పోటీ పడి ఏడు చెట్లు కొలిచారు.

మేము పుస్తకంలో చూసి కొన్ని మొక్కల పేర్లు రాసుకుని వెళ్ళాం. ఆ కాగితం ఎక్కువసేపు జేబులోంచి తీయాల్సిన పని పడలేదు. ఏ ఆకు మేక తింటుందో, ఏది ముట్టదో, ఏ కట్టె పొగ లేకుండా మండుతుందో, ఏ బెరడు తాడుగా పనికొస్తుందో పిల్లలే చెప్పుకుంటూ పోయారు. మధ్యాహ్నం అన్నాలకు కూర్చున్నప్పుడు ఆరో తరగతి పిల్లలు ఇద్దరు మోదుగ చెట్టు కింద రాలిన ఆకుల్లో మంచివి ఏరి, సన్నటి పుల్లలతో గుచ్చి విస్తరి కుట్టారు. పక్కన మాకు ప్రశ్నాపత్రంలా ఉన్న ఒక నోటుబుక్కు ఉంది. అందులో ‘పరిశీలన’ అనే చోట మార్కులు వేయాలి. ఎవరిని ఎవరు పరిశీలిస్తున్నారో మాకే నవ్వొచ్చింది. ఇంట్లో పనిచేస్తూ నేర్చుకున్నది చదువు కాదని పిల్లలు అనుకుంటారు. ఆ రోజు దానికి మార్కులు వేశాం. ఇద్దరికీ పదికి పది.

భోజనాలయ్యాక గుట్ట దిగి బుగ్గ దగ్గరికి వెళ్ళాం. బుగ్గ అంటే ఊట అని మీకు తెలుసు. మూసీ నది పుట్టేది ఈ అనంతగిరి గుట్టల్లోనే. గుట్టల పైన ఎర్రటి రాయి పొర ఉంటుంది. దాని నిండా చిన్న చిన్న రంధ్రాలు. వానాకాలం నీళ్ళు తాగి పెట్టుకుని మెల్లగా కిందికి వదులుతుంది. పిల్లలు ఆ నీళ్ళల్లో చేతులు పెట్టి, “ఇది మూసీయా అన్నా?” అని నమ్మలేక అడిగారు. టీవీలో, హైదరాబాద్‌లో వాళ్ళు చూసిన మూసీ నల్లటి మురుగు, వాసన. మేము రోజూ బస్సులో వంతెన దాటేటప్పుడు ముక్కు మూసుకునేది ఈ నీటి దగ్గరే. ఇక్కడి నుంచి దాదాపు 240 కిలోమీటర్లు పారి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది.

అక్కడే కూర్చోబెట్టి 1908 వరద కథ చెప్పాం. ఆ ఏడాది సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాద్‌లో వేలమంది చనిపోయారు. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బతికారని చెబుతారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది ఆ చెట్టు. ఆ వరద తర్వాతే విశ్వేశ్వరయ్య సలహా మేరకు వరదను ఆపడానికి రెండు చెరువులు కట్టారు. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. నగరం చాలా ఏళ్ళు ఆ నీళ్ళే తాగింది. పై గుట్టలో చెట్లు ఉంటే ఊట ఉంటుంది, ఊట ఉంటే చెరువు ఉంటుంది. నగరంలో కుళాయి తిప్పేవాళ్ళకు ఈ గుట్ట సంగతి తెలియకపోవచ్చు. కట్టెలకు, మేకలకు ఈ గుట్టలెక్కినవాళ్ళ పిల్లలకు తెలిసి ఉండాలి.

చివరగా ఒక్కొక్కరు ఒక్క ప్రశ్న అడగాలని చెప్పాం. పాముల గురించి, చిరుతల గురించి, రాత్రి క్యాంపు గురించి అడిగారు. గేటు దగ్గర అందరికంటే ముందు నిలబడిన పిల్లవాడి వంతు వచ్చింది. “గైడ్స్‌లో చేరాలంటే బడిలో ఉండాల్నా అన్నా?” అని అడిగాడు. ఎవరికోసం అంటే చెప్పాడు. వాడి బదులు ఆ రోజు పత్తికి వాళ్ళక్క పోయింది. ఆమెకు 15 ఏళ్ళు. తొమ్మిదో తరగతిలో బడి మానేసింది. తమ్ముడి వరుస కూడా తానే ఏరుతానని తల్లితో చెప్పి వాడిని పంపింది. కాసేపు మా ముగ్గురికీ మాట రాలేదు. ఆ పిల్లవాడు మాత్రం మామూలుగానే, “మా అక్కకు ఆకుల పేర్లు నాకంటే ఎక్కువ తెలుసు” అన్నాడు.

మాకు తెలిసిన గైడ్ దళాలన్నీ బళ్ళల్లో నడిచేవే. కాబట్టి వాడికి సూటిగా జవాబు చెప్పలేకపోయాం. కానీ తర్వాతి ఆదివారం వాళ్ళ ఊరికి వెళ్ళాం. ఓపెన్ స్కూల్ ద్వారా 14 ఏళ్ళు నిండినవాళ్ళు పదో తరగతి పరీక్ష రాయవచ్చని, పనికి పోతూ కూడా చదువుకోవచ్చని చెప్పి, దరఖాస్తు ఫారం ఇచ్చాం. అక్క ఫారం తీసుకుని రెండుసార్లు చదివింది. తల్లి మాత్రం, “గుట్టకు తోలుకపోతిరి, ఇప్పుడు దీన్ని కూడనా?” అని నవ్వింది. చేనుకాలం అయ్యాక చూద్దామంది. ఈ వ్యాసం రాసేనాటికి ఆ ఫారం ఇంకా నింపలేదు. మేము మళ్ళీ వెళ్తాం.

గుట్ట ఎక్కితే ఏమొస్తది అన్న ప్రశ్నకు మా దగ్గర ఇప్పుడు కొంచెం జవాబు ఉంది. కూలి రాదు. కూలి పోతుంది కూడా. ఆ పోయిన కూలిని ఎవరో ఒకరు ఇంట్లో మోస్తారు. ఆ సంగతి తెలిసి నడిచిన పిల్లవాడు తనొక్కడి కోసం నడవడు. తల్లిదండ్రులకు తెలిసినది కూడా విద్యేనని పిల్లలకు తెలుస్తుంది. ఇంటి దగ్గర ఆగిపోయినవాళ్ళను గుర్తు చేసుకోవడానికి ఒక రోజు తీరిక దొరుకుతుంది.

ఇక్కడ చదివి ఉద్యోగాల్లో ఉన్న అన్నలకు, అక్కలకు మా మనవి. వచ్చే హైక్‌కు 15 జతల బూట్లు కావాలి. బూట్లు పంపలేనివాళ్ళు ఒక ఆదివారం ఇవ్వండి, చివర నడిచేవాళ్ళతో కలిసి నడవండి. ఈసారి పత్తి తీత అయ్యాక, ఫిబ్రవరిలో పోదామని అనుకుంటున్నాం. బాలికల హాస్టల్ పిల్లలతో కలిసి పోదామని వార్డెన్ మేడమ్‌ను అడిగాం. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీరు మీ ఊరి గుట్ట పేరు, దాని మీద పుట్టే వాగు పేరు, అది ఎక్కడ కలుస్తుందో మీ అమ్మానాన్నలను అడిగి రాసుకుని రండి. అవి తెలిసిన పెద్దవాళ్ళు మన ఇళ్ళల్లోనే ఉన్నారు.