మీదేదీ వెనక బస్సు?

శంషాబాద్ విమానాశ్రయం. రాత్రి తొమ్మిదిన్నర. అద్దాల అవతల రన్‌వే దీపాలు మిణుకుమిణుకుమంటున్నాయి. ఇవతల అందరి చూపూ బోర్డు మీదే. పదింటికి విశాఖ వెళ్లాల్సిన మా విమానం ఎదుట ఉన్నట్టుండి ఎర్రక్షరాలు... క్యాన్సిల్డ్!

కౌంటర్ చుట్టూ జనం మూగారు. 'డబ్బులు తిరిగొచ్చేస్తాయి సార్'... సిబ్బంది నోట ఒకటే మాట. చాలామంది గొణుక్కుంటూ వెనుదిరిగారు. ఓ పెద్దాయన మాత్రం కదల్లేదు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారట. పొద్దున్న పదింటికి విశాఖలో కూతురికి ఆపరేషన్. 'బస్సు ఆగిపోతే అదే టికెట్టు మీద వెనక బస్సు ఎక్కించేవాళ్లం బాబూ. మీదేదీ వెనక బస్సు?' అనడిగారు.

కొందరు నవ్వారు. కానీ రూలూ అదే! డీజీసీఏ నిబంధనల ప్రకారం డబ్బు వాపసు కావాలా, మరో విమానం కావాలా అన్నది ప్రయాణికుడి ఇష్టం. ఆ సొమ్మును తర్వాతి టికెట్టుకు వాడుకోమని బలవంతపెట్టకూడదు. అప్పటికే విమానాశ్రయానికి వచ్చేసినవారికి ఎదురుచూసినంతసేపూ తిండీ నీళ్లూ చూడాలి.

కనీసం 24 గంటల ముందైనా చెప్పకుండా రద్దు చేస్తే పరిహారమూ ఉంటుంది. గంటలోపు ప్రయాణమైతే 5,000, రెండు గంటల్లోపైతే 7,500, ఆపైన 10,000 రూపాయలు. లేదంటే ఒకవైపు మూల ఛార్జీ, ఇంధన రుసుము కలిపినంత. రెంటిలో ఏది తక్కువైతే అది. అయితే టికెట్టు కొన్నప్పుడు మన ఫోన్ నంబరు ఇచ్చి ఉండాలి. ఏజెంటు తన నంబరు వేసుకుంటే చిక్కే!

తుపాను, పొగమంచు, భద్రతా కారణాలు... ఇలా విమాన సంస్థ చేతిలో లేనివాటికి పరిహారం రాదు. అందుకే కారణమేంటో కాగితం మీద రాసివ్వమని అడగాలి. సంస్థ పట్టించుకోకపోతే ఎయిర్‌సేవాలో ఫిర్యాదు చేయొచ్చు. అక్కడా తేలకపోతే వినియోగదారుల కమిషన్ ఉండనే ఉంది.

ఆయన అడిగాకే మిగతావాళ్లకూ ధైర్యం వచ్చింది. పదకొండింటికి భోజనం కూపన్లు, తెల్లవారుజాము విమానంలో సీట్లు దక్కాయి. హోటల్ గది ఇస్తామన్నా పెద్దాయన వద్దన్నారు. 'నిద్రపడితే కష్టం' అంటూ బోర్డు కిందే కుర్చీలో కూర్చుండిపోయారు. కూతురికి ఫోన్ చేసి, 'నిన్ను లోపలికి తీసుకెళ్లే లోపే వచ్చేస్తానమ్మా' అన్నారు.

తెల్లవారుజామున విమానం కదిలింది. నా వెనక సీట్లోంచి చిన్నగా ఓ గొంతు...

'రైట్... రైట్!'